వంటగదిలో దేవుని సన్నిధి
సహోదరుడు లారెన్స్ జీవితము

అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక అయిదవ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ కలదు. విరామము లేక ప్రార్థన చేయవలెనని ఆయన ఆ విశ్వాసులకు ఆజ్ఞాపించెను. మన సంఘములలో ఈ మాట ఎరుగనివారు అరుదు. ఆదివార పాఠశాల పిల్లలు కూడ దీనిని కంఠతా చెప్పుదురు. అయితే ఇది ఆచరణలోనికి వచ్చుసరికి విశ్వాసులు తమ గురువును అడుగు ప్రశ్న ఒకటి కలదు. తెల్లవారుజామున లేచి పొయ్యి రాజేసి, పిల్లలకు వండిపెట్టి, కూలికి పోయి, పొద్దుగూకిన తరువాత ఇల్లు చేరు తల్లి విరామము లేక ప్రార్థన చేయుట ఎట్లు? బస్సు నడుపువాడు, బడిలో పిల్లలకు పాఠము చెప్పు ఉపాధ్యాయురాలు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేయు నర్సు తమ పని విడిచి మోకరించగలరా? అట్లయిన ఈ ఆజ్ఞ తీరిక గలవారికేనా?

ఈ ప్రశ్నకు గ్రంథములతో జవాబు చెప్పినవారు అనేకులు. జీవితముతో జవాబు చెప్పినవారు కొందరే. అట్టివారిలో ఒకడు 17వ శతాబ్దములో పారిస్ పట్టణమందు ఒక మఠపు వంటగదిలో గరిటె పట్టిన సహోదరుడు లారెన్స్. ఆయన గురువు కాడు, పండితుడు కాడు, వేదిక ఎక్కి ప్రసంగించినవాడు కాడు. వంట చేసెను, గిన్నెలు కడిగెను, చెప్పులు కుట్టెను. ఆ పనులలోనే దేవునితో సహవాసము చేయుట నేర్చుకొనెను. మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు పూర్తి చేసికొనుచున్న ఈ శుభ సమయమందు ఆయన జీవితమును జ్ఞాపకము చేసికొనుట మన విశ్వాసాభివృద్ధికి మేలని తలంచి ఈ కొద్ది మాటలు వ్రాయుచున్నాను.

పేద ఇంటి బిడ్డ

ఆయన అసలు పేరు నికొలా హెర్మన్. 1614 ప్రాంతమున లొరేన్ సీమలో, లూనెవిల్ పట్టణమునకు దగ్గరనున్న ఎరిమెనిల్ అను పల్లెలో జన్మించెను. ఆ కాలమున లొరేన్ ఒక డ్యూకు పాలనలోని ప్రత్యేక సంస్థానము. నేడు అది ఫ్రాన్సు దేశపు తూర్పు భాగమున ఉన్నది. తల్లిదండ్రులు భక్తిపరులు, పేదవారు. కుమారునికి పెద్ద చదువు చెప్పించు స్తోమతు వారికి లేకపోయెను. ఇంటిలో నేర్చుకొనిన దైవభయమే వారు అతనికిచ్చిన ఆస్తి.

పదునెనిమిదవ యేట అతని జీవితములో ఒక సంగతి జరిగెను. అది శీతాకాలము. ఆకులన్నియు రాలిపోయి మోడుగా నిలిచియున్న ఒక చెట్టును అతడు చూచెను. మన దేశములో మోడుబారిన చెట్టును చూచినవారు అది చచ్చినదనుకొందురు. అయితే ఆ యువకుడు వేరుగా ఆలోచించెను. ఇంకను కొద్ది కాలమునకు ఈ చెట్టు చిగుర్చును, తరువాత పూయును, తరువాత కాయలు కాయును గదా అని తలంచెను. ఆ తలంపుతో దేవుని శక్తియు, ఆయన పోషణయు అతని హృదయమునకు ప్రత్యక్షమైనట్లుండెను. ప్రసంగికుడెవరును అక్కడ లేడు. ఉజ్జీవ కూటమేదియు జరుగలేదు. చెట్టొకటి, దానిని చూచు కన్నులు, ఆ కన్నులను తెరచిన దేవుడు మాత్రమే అక్కడ ఉండిరి. ఆ దినము అతని హృదయములో దేవుని యెడల పుట్టిన ప్రేమ మరణ పర్యంతము ఆరిపోలేదు.

యుద్ధములో కుంటివాడగుట

అవి ఐరోపా ఖండమంతటను ముప్పది సంవత్సరముల యుద్ధము చెలరేగిన దినములు. 1618 నుండి 1648 వరకు సాగిన ఆ యుద్ధములో పల్లెలు తగులబడెను, పంటలు నాశనమాయెను, లక్షలాది ప్రజలు చనిపోయిరి. లొరేన్ సీమ ఆ మంటల మధ్యనే ఉండెను. నికొలా సైన్యములో చేరెను. ఒకసారి జర్మను సైనికులు అతనిని పట్టుకొని, వేగులవాడని అనుమానించి, ఉరితీయుదుమని బెదిరించిరి. అతడు నెమ్మదిగా తాను వేగులవాడను కాననియు, తన మనస్సాక్షిలో అట్టి నేరమేదియు లేదు గనుక చావు తనను భయపెట్టదనియు తెలియజేయగా వారతనిని విడిచిపెట్టిరి. తరువాత 1635లో స్వీడను సైన్యము రాంబెర్విల్లె పట్టణము మీద పడినప్పుడు అతడు గాయపడెను. అతని కాలు చెడిపోయెను. అది మొదలు జీవితాంతము అతడు కుంటుచునే నడిచెను.

చెట్టును చూచి మారుమనస్సు పొందినవాడు వెంటనే పరిశుద్ధుడైపోయెనని మనము అనుకొనరాదు. సైనిక జీవితములో తాను చేసిన పాపములు తరువాతి కాలమున అతనిని ఎంతో బాధించెను. యుద్ధమునుండి బయటపడిన తరువాత దేవునికే బ్రతుకవలెనని నిశ్చయించుకొని, కొంతకాలము ఏకాంతవాసము చేసి చూచెను. అక్కడ ఒక గడియ సంతోషము, మరియొక గడియ దుఃఖము, ఒకప్పుడు ధైర్యము, మరియొకప్పుడు దిగులు. తన మనస్సు గాలికి ఊగు రెల్లువలె ఉన్నదని గ్రహించి దానిని విడిచిపెట్టెను. పారిస్‌లో ఫియూబె అను ఖజానా అధికారి ఇంటిలో సేవకుడుగా కూడ పనిచేసెను. అక్కడ అతడు చేతిలో పట్టుకొనినదెల్ల క్రిందపడవేసి పగులగొట్టుచుండెనట. తన మొరటుతనమును గూర్చి ఆయనే తరువాత ఇతరులతో చెప్పుకొనెను. సైనికుడుగా కాలు పోగొట్టుకొనెను, ఏకాంతవాసిగా నిలువలేకపోయెను, సేవకుడుగా పనికిరాకపోయెను. లోకము దృష్టికి అతడు మూడు చోట్ల ఓడినవాడు.

మఠ ప్రవేశము

1640లో, సుమారు ఇరువదియారేండ్ల వయస్సులో, పారిస్‌లోని వొజిరార్ వీధిలోనున్న కార్మెలీయుల మఠములో అతడు చేరెను. ఏలీయా ప్రవక్త ప్రార్థించిన కర్మెలు పర్వతము పేరున ఏర్పడిన సమాజమది. 16వ శతాబ్దములో స్పెయిన్ దేశమందు తెరేసా అను భక్తురాలు ఆ సమాజమును సంస్కరించెను. ఆమెయే వంటగదిలోని గిన్నెల మధ్యను ప్రభువు ఉన్నాడని తన సహోదరీలకు బోధించిన స్త్రీ. ఆ బోధ సత్యమని నిరూపించు సాక్షి ఒకడు ఆ సమాజములోనే తరువాత లేచుట దేవుని ఏర్పాటని నేను నమ్ముచున్నాను.

ఆ మఠములో రెండు తరగతుల వారుండిరి. చదువుకొని గురువులైనవారు ఒక తరగతి. చేతిపనులు చేయు సామాన్య సహోదరులు మరియొక తరగతి. నికొలా ఈ రెండవ తరగతిలో చేరి, పునరుత్థాన లారెన్స్ అను క్రొత్త పేరు పొంది, 1642లో తన ప్రమాణములు చేసెను. ఆయన జీవితాంతము సామాన్య సహోదరుడుగానే ఉండెను. ఏ పదవియు ఆయనకు రాలేదు, ఆయన కోరనూ లేదు.

తన మొరటుతనమునకు, తన పాపములకు మఠములో తగిన శిక్ష దొరకునని ఆయన తలంచి వచ్చెను. దేవుడు తన అంచనాను తప్పించెననియు, శిక్షకు బదులు తృప్తినే దయచేసెననియు ఆయన తరువాత సంతోషముతో చెప్పుకొనుచుండెను. అయితే ఆ తృప్తి ఒక్క దినములో వచ్చినది కాదు. దాని వెనుక పది సంవత్సరముల చీకటి కలదు. ఆయన జీవితములో మనకు మిక్కిలి అవసరమైన పాఠము అక్కడనే ఉన్నది గనుక దానిని కొంత వివరముగా చూతము.

పది సంవత్సరముల పోరాటము

మఠములో చేరినవారికి ధ్యానము చేయు పద్ధతులు నేర్పుదురు. అనేక గ్రంథములు చదివించుదురు. లారెన్స్ వాటిని చదివి చూచెను. ఒక్కొక్క గ్రంథము ఒక్కొక్క మార్గము చెప్పుచుండుట చూచి కలత చెందెను. తుదకు ఆయన ఒక సామాన్యమైన తీర్మానము చేసికొనెను. సర్వము దేవుని కొరకు విడిచిపెట్టవలెను, లోకములో దేవుడును తానును మాత్రమే ఉన్నట్లు బ్రదుకవలెను. నియమింపబడిన ప్రార్థన గడియలలో మరణమును, తీర్పును, తన పాపములను ధ్యానించెను. తక్కిన దినమంతయు, పనిలో నున్నప్పుడు కూడ, దేవుడు తన యొద్ద, తన లోపల ఉన్నాడని జ్ఞాపకము చేసికొనుటకు ప్రయాసపడెను.

ప్రయాసపడెనని వ్రాయుట సులభమే. ఆ ప్రయాస ఎట్టిదో ఆయనే తరువాత ఒక ఉత్తరములో తెలియజేసెను. మనస్సు నిలుచునది కాదు. నిమిషమునకొకసారి పారిపోవును. ఆయన దానిని తిరిగి తెచ్చును, మరల అది పారిపోవును. పడుట, లేచుట, మరల పడుట. తన పూర్వ పాపములు కన్నుల యెదుట నిలుచుచుండెను. దేవుడు తనకు చేయు మేళ్ళు కూడ అపాత్రునికి దొరకినవిగా కనబడి ఆయనను బాధించెను. మనుష్యులు, తన బుద్ధి, చివరకు దేవుడు సహా తనకు విరోధముగా నున్నట్లును, విశ్వాసమొక్కటియే తన పక్షమున మిగిలినట్లును ఆయనకు తోచెను. నాలుగు సంవత్సరములపాటు తాను నిశ్చయముగా నశించిపోవుదునని ఆయన తలంచెను. ఎవరు ఎంత చెప్పినను ఆ భయము పోలేదు.

ప్రియులారా, ఈ సంగతి ఆలోచించుడి. ప్రపంచమునకు దేవుని సన్నిధిని గూర్చి నేర్పిన ఆ భక్తుడు నాలుగేండ్లు రక్షణ నిరీక్షణ లేక గడపెను. ఆ దినములలో కూడ ఆయన వంటగదికి పోయెను. వేళకు భోజనము సిద్ధపరచెను. ప్రార్థన మానలేదు. ఆ చీకటిలో ఆయన చేసికొనిన నిర్ణయము ఆయన జీవితమంతటిలో గొప్పది. తనకు పరలోకము దొరకినను దొరకకపోయినను, బ్రదికియున్నంత కాలము దేవుని ప్రేమించి ఆయన కొరకే పనిచేయుదునని నిర్ణయించుకొనెను. ప్రతిఫలమును ఆశింపని ప్రేమ అనగా ఇదే. యోబు గ్రంథము మొదటి అధ్యాయములో అపవాది వేసిన ప్రశ్న ఊరకయే ఎవడైనను దేవునికి భయపడునా అనునదే గదా. ఆ ప్రశ్నకు పారిస్ వంటవాడొకడు తన బ్రదుకుతో బదులు చెప్పెను.

ఇక ఈ బాధలోనే తన దినములు గడచిపోవునని ఆయన సిద్ధపడియుండగా ఆ చీకటి ఒక్కసారిగా తొలగిపోయెను. అంతవరకు కలత చెందిన ఆత్మకు లోతైన నెమ్మది కలిగెను. ఆ నెమ్మది చివరివరకు ఆయనను విడువలేదు. శీతాకాలమున తాను చూచిన మోడువంటి చెట్టు ఆయన హృదయములోనే చిగిర్చెను. ఆకు లేని ఆ కాలమంతయు వేరు మాత్రము సజీవముగా నుండెను. ఆ వేరు అనుదిన ప్రార్థనయే.

వంటగది బలిపీఠమగుట

ఆయనకు మఠములో నియమింపబడిన పని వంట. అది ఆయనకు స్వభావముగా ఇష్టము లేని పని. ఈ సంగతి చాలమంది ఎరుగరు. వంట చేయుట ఆయనకు సరదా గనుక అక్కడ దేవుని కనుగొనెనని అనుకొందురు. ఇష్టము లేని పనిని పదునైదు సంవత్సరములు చేసెను. దేవుని ప్రేమకొరకు చేయుట అలవాటు చేసికొనగా అది ఆయనకు తేలికయాయెను.

ఆయన పద్ధతి ఏమనగా, పని మొదలుపెట్టునప్పుడు ఒక చిన్న ప్రార్థన చేయును. ఇప్పుడు తాను ఈ పనిలో మనస్సు పెట్టవలసియున్నది గనుక, పనిలోను దేవుడు తనతో కూడ ఉండవలెననియు, తన పనిని అంగీకరింపవలెననియు వేడుకొనును. పని జరుగుచుండగా మధ్య మధ్య స్నేహితునితో మాటలాడినట్లు దేవునితో ఒక మాట మాటలాడును. పని ముగిసిన తరువాత అది ఎట్లు జరిగినదో చూచుకొనును. సరిగా జరిగినయెడల దేవునికి కృతజ్ఞత చెల్లించును. తప్పిపోయినయెడల క్షమాపణ అడిగి, దిగులుపడక, మరల దేవుని సన్నిధిలో నిలుచును. పెనముమీద గుడ్డట్టు తిరుగవేయునప్పుడు కూడ దేవుని ప్రేమకొరకే తిరుగవేయును. అది అయిన తరువాత వేరే పని లేకున్నయెడల నేలమీద సాగిలపడి, ఆ పనిచేయుటకు కృప నిచ్చిన దేవునిని ఆరాధించి లేచును. నేలమీదనున్న ఒక గడ్డిపరకను తీయుటయైనను దేవుని ప్రేమకొరకు చేసినయెడల అది చాలునని ఆయన నమ్మెను.

వంటగది అనగా నిశ్శబ్దమైన చోటు కాదు. పలువురు ఒక్కసారిగా పలు వస్తువులు అడుగుచుండు స్థలము. ఆ గందరగోళములో నున్నప్పుడును, ప్రభురాత్రి భోజనము నెదుట మోకాళ్ళూనినప్పుడును, దేవునితో తన సహవాసము ఒకే నెమ్మదిగా నున్నదని ఆయన సాక్ష్యమిచ్చెను. జెకర్యా ప్రవక్త తన గ్రంథపు చివరి అధ్యాయములో యెహోవా మందిరములోని వంటపాత్రలు బలిపీఠము నెదుటి పాత్రలవలె పరిశుద్ధమగు దినమును గూర్చి ప్రవచించెను. సహోదరుడు లారెన్స్ వంటగదిలో ఆ దినము కొంచెము ముందుగానే వచ్చినట్లు కనబడుచున్నది.

చెప్పుల పని, ప్రయాణములు

కాలి బాధ ఎక్కువైనందున నిలువబడి వంట చేయుట ఆయనకు కష్టమాయెను. అందుచేత కూర్చుండి చేయు చెప్పులు కుట్టు పనిని మఠపు పెద్దలు ఆయనకు అప్పగించిరి. ఆ మఠస్థులు బూట్లు వేసికొనరు, చెప్పులే తొడుగుకొందురు. ఆ చెప్పులు తయారుచేయుట, పాతవి బాగుచేయుట ఆయన పని. మన దేశములో తోలుపని చేయువారిని తక్కువగా చూచిన పాపము మనకు తెలియనిది కాదు. మన సంఘములకు పునాది వేసిన తరములలో ఆ పని చేసినవారు అనేకులు. దేవుని సన్నిధి తోలు ముక్కలు, సూది, దారముల మధ్య కూడ నిలుచునని ఈ భక్తుని జీవితము సాక్ష్యమిచ్చుచున్నది. అవసరమైనప్పుడు ఆయన మరల వంటగదికి పోయి సహాయము చేయుచుండెను.

1665లో ఓవెర్న్ సీమకును, 1666లో బుర్గున్ది సీమకును మఠమునకు కావలసిన ద్రాక్షారసము కొనుటకు ఆయనను పంపిరి. బేరమాడుట ఆయనకు రాదు. కాలు కుంటి. పడవలో పీపాలమీద దొర్లుచు తప్ప ఒక చోటినుండి మరియొక చోటికి పోలేడు. అయినను ఆయన ఆందోళన చెందలేదు. ఇది నీ పనియే గదా అని దేవునికి అప్పగించి బయలుదేరెను. పని ఎట్లు జరిగినదో తనకే ఆశ్చర్యమనియు, అయితే బాగుగానే జరిగినదనియు తిరిగి వచ్చి చెప్పెను. లెక్కలు, కొనుగోళ్ళు, కమిటీ పనులు ఆత్మీయమైనవి కావని విసుగుకొను మన సంఘపెద్దలు, కోశాధికారులు ఈ ప్రయాణములను జ్ఞాపకముంచుకొనవలెను.

ఆయన యొద్దకు వచ్చినవారు

1666 ఆగస్టు 3వ తేదీన జోసెఫ్ దె బొఫోర్ అను గురువు ఆయనను చూడవచ్చెను. తరువాతి కాలమున ఈ బొఫోర్ పారిస్ ఆర్చిబిషప్పు నోఆయ్‌గారి యొద్ద ఉన్నతమైన బాధ్యత వహించినవాడు. చదువుకొనిన గురువు, చదువులేని వంటవాని యెదుట కూర్చుండి ప్రార్థన నేర్చుకొనెను. 1667 నవంబరు వరకు నాలుగు పర్యాయములు వారిరువురు సంభాషించిరి. బొఫోర్ ఆ సంభాషణల సారమును వ్రాసి ఉంచెను. గొప్ప ప్రసంగికుడైన ఫెనెలోన్ కూడ ఆయనను దర్శించి, తీవ్రమైన వ్యాధిలో నున్నప్పుడు కూడ ఆయన సంతోషముగా నుండుట చూచి ఆశ్చర్యపడెను.

మఠకన్యలు, గురువులు, కుటుంబ స్త్రీలు తమ కష్టములను ఆయనకు వ్రాయుచుండిరి. ఆయన జవాబు వ్రాసెను. అట్టి ఉత్తరములు పదునారు నిలిచియున్నవి. ఒక ఉత్తరము ఎవరికిని చూపరాదను షరతు మీద వ్రాసెను. ఆయన పేరు కోరలేదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి? ప్రార్థనలో మనస్సు చెదరుచున్నదని మొరపెట్టిన ఒకరికి, ఎక్కువ మాటలు వాడవద్దనియు, ధనవంతుని వాకిట నిలిచిన మూగ బిచ్చగానివలె దేవుని యెదుట ఊరక నిలువవలెననియు సలహా చెప్పెను. మనస్సు పారిపోయినప్పుడు దానిని గద్దింపక నెమ్మదిగా తిరిగి తెచ్చుకొనుమనెను. ఒక సైనికుని గూర్చి వ్రాయుచు, కత్తి చేతబట్టి నడచుచున్నప్పుడు కూడ హృదయమును ఒక్క క్షణము దేవుని తట్టు ఎత్తవచ్చుననియు, అది అతని ధైర్యమును తగ్గింపదనియు తెలియజేసెను. తాను స్వయముగా యుద్ధము చూచినవాడు గనుక ఆ మాటకు విలువ కలదు. నెహెమ్యా పారసీక రాజునకు జవాబు చెప్పుటకు ముందు ఒక్క క్షణములో ఆకాశమందలి దేవునికి చేసిన ప్రార్థన కూడ ఇట్టిదే.

చివరి దినములు

వృద్ధాప్యములో కాలికి పుండు లేచి ఆయనను మిక్కిలి బాధించెను. ముమ్మారు ఆయన మరణమునకు సమీపించెను. ఆ బాధలో కూడ ఆయన సణుగుట ఎవరును వినలేదు. 1691 ఫిబ్రవరి 6వ తేదీన తన చివరి ఉత్తరము వ్రాసి, దేవుని చూచు భాగ్యము కొద్ది దినములలో దొరకునని నిరీక్షించుచున్నట్లు తెలిపెను. రెండు దినముల తరువాత మంచము పట్టెను. ఏమి చేయుచున్నావని ప్రక్కనున్న సహోదరుడు అడుగగా, నిత్యత్వములో చేయబోవు పనినే చేయుచున్నానని, అనగా దేవుని స్తుతించి ఆరాధించి ప్రేమించుచున్నానని జవాబిచ్చెను. 1691 ఫిబ్రవరి 12వ తేదీన ప్రశాంతముగా ప్రభువునందు నిద్రించెను. అప్పటికి ఆయనకు సుమారు డెబ్బదియేడు సంవత్సరములు.

ఆయన మరణానంతరము 1692లోను, 1694లోను బొఫోర్ ఆయన ఉత్తరములను, సంభాషణలను ప్రచురించెను. కొద్ది కాలమునకే ఫ్రాన్సులో ఇట్టి మౌన ప్రార్థనను గూర్చి పెద్ద వివాదము లేచెను. ఆ వివాదములో ఆయన పేరు కూడ లాగబడి, స్వదేశములోనే ఆ చిన్న పుస్తకము కొంతకాలము మరుగునపడెను. అయితే అది సముద్రము దాటి ఇంగ్లీషులోనికి తర్జుమా చేయబడెను. ప్రొటెస్టంటు విశ్వాసులు దానిని ప్రేమతో చదివిరి. జాన్ వెస్లీగారు తన అనుచరుల కొరకు కూర్చిన క్రైస్తవ గ్రంథమాలలో దీనికి చోటిచ్చెను. రోమను కతోలిక వంటవాని ప్రార్థనను మెథడిస్టులు నేర్చుకొనుట సంఘముల ఐక్యతకు ఎంత చక్కని గుర్తు!

మనము నేర్చుకొనవలసినది

మొదటిది, ఎడతెగని ప్రార్థన ఎడతెగని మాటలు కాదు. అది దేవుని వైపు మరల మరల తిరుగుట. మనస్సు ఎన్నడును చెదరనివాడు భక్తుడని మనము భ్రమపడుచున్నాము. చెదరిన ప్రతిసారి తిరిగి వచ్చినవాడే భక్తుడని లారెన్స్ జీవితము నేర్పుచున్నది. నూరుసార్లు తప్పిపోయిన మనస్సు నూరుసార్లు తిరిగి వచ్చినయెడల, ఆ దినమున నూరు ప్రార్థనలు జరిగెనని ఎంచుడి.

రెండవది, విశ్వాసము అనుభూతితో కొలువబడునది కాదు. ప్రార్థించినను నెమ్మది లేదని కన్నీటితో చెప్పు విశ్వాసులు ప్రతి పాస్టరేటులోను ఉన్నారు. బిడ్డను పోగొట్టుకొనిన తల్లి, ఉద్యోగము కొరకు ఏండ్లుగా కనిపెట్టు యువకుడు, వ్యాధితో మంచముననున్న వృద్ధుడు, వీరి హృదయములు ఎండిన చెట్లవలె ఉండవచ్చును. అట్టివారికి నేను పెద్ద మాటలు చెప్పజాలను. పది సంవత్సరములు కనిపెట్టిన ఈ సహోదరుని చూపుదును. ఆకు లేనంత మాత్రమున చెట్టు చావలేదు. నేడు ఒక్క చిన్న ప్రార్థన చేయుడి, రేపు మరియొకటి చేయుడి. చిగురు నిచ్చుట దేవుని పని.

మూడవది, పనిలో ప్రార్థించువాడు ఆరాధనను మానునని ఎవరును తలంపరాదు. పొలమే నాకు దేవాలయము, పనియే నాకు ప్రార్థన అని చెప్పి ఆదివారము ఇంటనుండువారు కొందరు గలరు. లారెన్స్ ఎన్నడును అట్లు చేయలేదు. మఠపు ప్రార్థన గడియలకు ఆయన హాజరాయెను, ప్రభు బల్లలో పాలుపొందెను, పెద్దల మాటకు లోబడెను. గుడిలో వెలిగించుకొనిన దీపమునే ఆయన వంటగదికి తీసికొనిపోయెను. గుడికి రానివాడు ఏ దీపమును ఇంటికి తీసికొనిపోగలడు?

నాలుగవది, ఇది ఈ దినమే ఆరంభింపదగినది. ఖర్చు లేదు, చదువు అక్కరలేదు. పొయ్యి వెలిగించునప్పుడు ఒక మాట, నారుమడిలో అడుగిడునప్పుడు ఒక మాట, బస్సు స్టార్టు చేయునప్పుడు ఒక మాట, ఆఫీసులో ఫైలు తెరచునప్పుడు ఒక మాట, కోపముతో నోరు తెరచుటకు ముందు ఒక మాట ప్రభువుతో మాటలాడుడి. తప్పిపోయినప్పుడు క్షమాపణ అడిగి మరల మొదలుపెట్టుడి. పిల్లలు తల్లిని చూచి నేర్చుకొందురు. గరిటె తిప్పుచు తల్లి చేయు ప్రార్థనను విన్న బిడ్డకు దేవుడు ఆదివారపు దేవుడు మాత్రమే కాడు.

ఈ శతవార్షిక సంచికలో మన అధ్యక్ష మండలమునకు సేవచేసిన మిషనరీల పేర్లు, బిషప్పుల పేర్లు, గురువుల పేర్లు మీరు చదువుదురు. అవి చదివి దేవునిని స్తుతింపవలసినదే. అయితే ఈ నూరేండ్లు మన సంఘములను మోసినవారిలో ఏ పుస్తకమునకును ఎక్కని పేర్లు అనేకము కలవు. గుడి ఊడ్చినవారు, గంట కొట్టినవారు, పిడికెడు బియ్యము ప్రక్కన పెట్టి కానుకగా తెచ్చిన తల్లులు, కలుపు తీయుచు తగ్గు స్వరముతో కీర్తన పాడుకొనిన స్త్రీలు. సహోదరుడు లారెన్స్ వారి వరుసలో నిలుచువాడు. రాబోవు నూరేండ్లకు మన సంఘములకు పునాది కాగలదియు అట్టివారి ప్రార్థనయే.

మన యిండ్లలోని పొయ్యిలను, మన చేతులలోని పనిముట్లను ప్రభువు పరిశుద్ధపరచి, పనిలోను విశ్రాంతిలోను ఆయన సన్నిధిని ఎరుగు కృపను మనకందరికి దయచేయును గాక. ఆమేన్.